పాసు

మా బుధవారపేట సందుకు వెదుర్లు కట్టినారు.
అవతల కానిస్టేబులు,
ఇవతల కుక్కలు, బ్లీచింగు పొడి, మేము.

పెద్దాసుపత్రికి పోయే పొద్దు
నాయన చొక్కా జేబులో పాసు చెమటకు తడిసి
తారీఖు అలుక్కుపోయింది.
"చెల్లదు, తిరిగిపోండి."
నాయన నోరు పెగలక నిలబడితే
నేనే స్కార్ఫు తీసినా.
ఎండలో, నున్నగా, నా తల.
ఆయప్ప కండ్లు దించుకొని వెదురు పైకెత్తినాడు.
ఇంక ఏ పొద్దూ పాసు అడగలే.

ఒక మాట చెప్తా, ఎవురితో అనొద్దు.
లాక్‌డౌను నాకు బాగుండె.
పరీక్షలు లేవు. క్లాసులో ఎవురూ
నన్ను దాటి ముందుకు పోలే.
మీరంతా మూతికి గుడ్డ కట్టుకున్నారు,
నేను మీకంటే సీనియర్ని.
రుచి తెలీలేదని టీవీలో ఒకాయన ఏడుస్తాంటే
నవ్వు ఆగలేదు. నా నాలిక మీద ఉగ్గాని
ఇసుకయ్యి అప్పటికే మూన్నెల్లు.
ఊరు ఊరంతా నా మంచం పక్కకొచ్చి
కూచున్నట్టుండె.
తప్పే. రోజూ టీవీలో చావుల లెక్క.
అయినా బాగుండె.

అమ్మకు దగ్గొస్తే
బాత్రూములో పంపు తిప్పుకొని దగ్గుతాది,
నీళ్ళ చప్పుడులో నాకు వినపడదని.
నా గ్లాసు వేరే, నా తట్ట వేరే.
జ్వరం చూసేదానికి కూడా చెయ్యి పెట్టదు,
నుదుటికి దూరంగా ఆ తెల్ల తుపాకీ పెడతాది.
తొంభై ఎనిమిది. అల్లాకు దండం పెట్టుకొని
మళ్ళా పెడతాది.

వార్డులో కుర్చీకి కుర్చీకి నడుమ
రెండు కుర్చీల మీద టేపుతో అడ్డగీతలు.
ఆ గీతల అవతల పత్తికొండ సుంకన్న.
ఇద్దరికీ సూదులు గుచ్చినంక
ఆరడుగుల దూరం నుంచి ఫోన్లో రాసుకుంటాము.
"నీకేసేది ఎర్రదా?" "ఎర్రదే. నీకు?"
"నాది నీళ్ళలెక్క ఉంది. మోసం చేస్తాండారేమో."
మాస్కు లోపల నవ్వినాడో లేదో
కండ్ల పక్క ముడతలను బట్టి చూసుకోవాల.

డాక్టరు అడుగుతాడు: జ్వరముందా, దగ్గుందా,
కణాలెన్ని, మోషనయ్యిందా.
ఒక పొద్దు ఒక నర్సు,
తెల్లసంచిలో దూరినట్టుండే మనిషి,
రొమ్ము మీద స్కెచ్చు పెన్నుతో స్వరూపరాణి అని రాసుండాది,
సెలైను చుక్కలు లెక్కబెడుతూ అడిగింది:
"రాత్రిళ్ళు ఏం చేస్తావు మాబున్నీ?"
ఎవురూ అడగలే అంతవరకు.
జవాబు చెప్పబోతే గొంతులో ఏదో అడ్డమాయె.
ఆమె గ్లవుసు చెయ్యి నా మోకాలి మీద పెట్టింది.
రబ్బరే. అయినా చెయ్యే.

ఆషాఢంలో వెదుర్లు విప్పినారు.
వాటితోనే ఎదురింటోళ్ళు బీరపాదుకు పందిరేసుకున్నారు.
మా క్లాసోళ్ళు జగన్నాథగట్టు మీద
వరసగా నిలబడి ఫోటో పెట్టినారు.
"నువ్వూ వచ్చేయి, బాగయినంక."
బాగయినంక.
లోకానికి తలుపు తీసినారు,
నాకు మాత్రం బయటినుంచి గొళ్ళెం
అట్లనే ఉండిపాయె.
ఆ పొద్దే ఏడ్చినా. తల ఊడినపుడు కాదు,
గడ్డ పేరు చెప్పినపుడు కాదు.
పందిరికి కట్టిన వెదురును చూసి.

రోజూ రాత్రి పదకొండుకు సుంకన్నకు ఫోన్ చేస్తా.
ముందు ఆ దగ్గు పలుకుతాది,
సర్కారోళ్ళు పెట్టిన దగ్గు.
తర్వాత ఎవురో ఆడమనిషి, చేతులు కడుక్కోమని.
అది అయ్యేదాకా ఊపిరి బిగబడతా.
ఎత్తినా పెద్దగా ఏం మాట్లాడుకోము.
"మీకాడ వానుందా?"
"లేదు. టమోటాలు రోడ్డు మీద పారబోసినారు."
"నిద్ర పట్టలేదా?"
"నీకో?"
ఇంక ఇద్దరమూ గమ్మునుంటాము,
పెట్టెయ్యకుండా.

నిన్న నాలుగుసార్లు చేసినా,
నాలుగుసార్లూ ఆ దగ్గే పలికింది.
ఈపొద్దు ఇంకా
పదకొండు కాలే.